పిల్లలకడకుఁ బంపువారి పూర్వోత్తరములు



ఆడుబిడ్డకు సంబంధము చూచునపుడు అటు మూఁడు తరములు, ఇటు మూఁడు తరములు విచారించు ఆచారము మనది. సంతలో ఎద్దును కొనఁబోయినను పండ్లు చూచి, సుడులు చూచి, నాలుగడుగులు నడపించి మఱి బేరమాడుదుము. కాని మన పిల్లలు పగలెల్ల ఎవరి చేతులలో నుందురో, వారి పూర్వోత్తరములను విచారించు పద్ధతి లోకమున బహుకాలము సరిగా నేర్పడలేదు. గురువు, శిక్షకుఁడు, పండితుఁడు అను పేరే చాలునని జనులు నమ్మిరి. ఆ నమ్మకము ఎచ్చట చెడెనో, చెడిన పిదప ఎట్టి శాసనములు పుట్టెనో, ఆ శాసనములు చేయఁగలిగినదేమో, చేయలేనిదేమో నేఁడు మీకు విన్నవింపఁదలఁచితిని. ముఖ్యముగా విశ్వవిద్యాలయముల ఉద్యోగులును విద్యార్థులును పిల్లలతోఁ గూడి పనిచేయునపుడు జరుపవలసిన విచారణ యీ ప్రసంగమునకు విషయము.

విశ్వవిద్యాలయమునకును పసిపిల్లలకును సంబంధమేమి యని మీరడుగవచ్చును. అది మీసములు మొలచినవారు చదువుకొను చోటు గదా యని తోఁచును. కాని ఉపాధ్యాయవిద్య నభ్యసించు విద్యార్థి పాఠము చెప్పుట నేర్చుకొనుటకై పల్లెబడికే పోవలెను. వైద్యవిద్యార్థి పిల్లల వార్డులో తిరుగవలెను. సేవాదళముల విద్యార్థులు గ్రామములకు వచ్చి శిబిరములు నడుపుదురు. పాశ్చాత్యదేశములందు విశ్వవిద్యాలయముల క్రీడాస్థలములలో వేసవి సెలవులందు బాలురకు ఆటల శిబిరములు జరుగును. ఉన్నతపాఠశాలల పిల్లలు అచ్చటి ప్రయోగశాలలకు వత్తురు. ఇట్లు ఏ గోడలనడుమఁ జూచినను పెద్దలును పిన్నలును కలసి యుండు తావులు పెక్కులు గలవు. పేరుప్రతిష్ఠలు గల విద్యాస్థానము పంపిన మనుష్యుఁడనఁగానే ఊరివారు మాఱు మాటాడక తలుపు తెఱతురు. విచారణయొక్క ఆవశ్యకత అచ్చటనే యున్నది.

పనిలోఁ జేర్చుకొనుటకు ముందు మనుష్యుని పరీక్షింపవలెనను మాట క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమును 1909లో శామశాస్త్రిగారు మైసూరున అచ్చువేయించి లోకమునకు వెల్లడించిరి. అందు అమాత్యులను ధర్మము, అర్థము, కామము, భయము అను నాలుగు విధముల పరీక్షించు పద్ధతి చెప్పఁబడినది. ఏ పరీక్షయందు నిలిచినవానిని ఆ పనికే నియోగింపవలెనని దాని తాత్పర్యము. ధనపరీక్షలో నిలిచినవానికి బొక్కసము, కామపరీక్షలో నిలిచినవానికి విహారస్థానముల రక్షణము. మఱియొక చోట అధికారుల పనిని నిత్యము పరీక్షింపవలెననియు, మనుష్యుల చిత్తము ఒక్కతీరున నిలుచునది కాదనియు ఆయన హెచ్చరించెను. పనికిఁ దగిన పరీక్ష యుండవలెను. అది ఒక్కమాఱుతో ముగియరాదు. ఈ రెండు సూత్రములను మనసున నుంచుకొని పశ్చిమదేశముల చరిత్రను వినుఁడు.

మొదట ఇంగ్లండు దేశపు సంగతి. అది విశ్వవిద్యాలయమున జరిగినది కాదు, పాఠశాల యుద్యోగికి సంబంధించినది. అయినను విచారణ యెట్లు వ్యర్థమగునో దానివలననే తేటపడును. కేంబ్రిడ్జిషైరు మండలమున సోహమ్ అను చిన్నపట్టణము గలదు. అచ్చటి ఉన్నతపాఠశాల ఆవరణమును, కట్టడములను చూచుకొను పనికి 2001 నవంబరులో ఇయాన్ హంట్లీ యనువాఁడు నియమింపఁబడెను. 2002 ఆగష్టు 4వ తేది సాయంకాలము ఆ యూరి పదేండ్ల బాలికలిద్దఱు కానరాకపోయిరి. వారిని వాఁడే చంపెనని రుజువై 2003 డిసెంబరులో యావజ్జీవశిక్ష విధింపఁబడెను.

పిదప బయటపడిన సంగతులు దేశము నంతటిని నివ్వెఱపఱచెను. 1995 మొదలు 1999 వఱకు హంబర్‌సైడ్ అను వేఱొక మండలమున వానిపై ఎనిమిది లైంగికనేరారోపణలు పోలీసులయెదుటికి వచ్చియుండెను. ఒక్కటియు శిక్షదాఁక పోలేదు. ఒకదాని నొకటి కలిపి చూచినవారు లేరు. ఆ మండలపు పోలీసుల దస్తరములలో ఆ వివరములు సరిగా నిలువలేదు. ఉద్యోగమునకై వాఁడు నిక్సన్ అను పేర వచ్చెను. వానికి హంట్లీ యను పేరు గలదని తెలిసియు పోలీసుల విచారణ ఆ రెండవ పేర జరుగలేదు. పూర్వోద్యోగముల నడుమ నుండిన ఖాళీలను నియమించినవారు ఆరా తీయలేదు. సర్ మైకేల్ బిచర్డ్‌గారు ప్రభుత్వాజ్ఞచే విచారణ జరిపి 2004 జూనులో నివేదిక నిచ్చిరి. అందు 31 సిఫారసులు గలవు. ఒక యూర తెలిసినది మఱియొక యూరికి చేరవలెననుట వానిలో ప్రధానమైనది. సోహమ్ కథలోని లోపమిది: తెలిసినది కొంత యుండెను, కాని చేరవలసిన చోటికి చేరలేదు.

ఇఁక విశ్వవిద్యాలయము సంగతికి వత్తును. ఇందలి లోపము దీనికి భిన్నమైనది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు విశ్వవిద్యాలయము ఫుట్‌బాలు ఆటకు జగత్ప్రసిద్ధి గాంచినది. జెర్రీ సాండస్కీ యనునతఁడు అచ్చట బహుసంవత్సరములు సహాయశిక్షకుఁడుగా నుండెను. 1977లో అతఁడు దిక్కులేని బాలురకు తోడ్పడుటకని ఒక ధర్మసంస్థను స్థాపించెను. ఊరివారు అతనిని పుణ్యాత్ముఁడని కొనియాడిరి. 1998లో ఒక తల్లి తన కుమారుని విషయమై విశ్వవిద్యాలయపు పోలీసులకు ఫిర్యాదు చేసెను. విచారణ జరిగెను గాని అభియోగము మోపఁబడలేదు. 1999లో అతఁడు పదవి విరమించెను. అయినను విశ్వవిద్యాలయపు కట్టడములలోనికి రాకపోకలకు అతనికి స్వేచ్ఛ యుండెను.

2001లో ఒకనాఁటి రాత్రి ఆటగాండ్ర స్నానశాలలో సాండస్కీ ఒక బాలునితో నుండుటను అచ్చటి విద్యార్థిసహాయకుఁ డొకఁడు చూచెను. మఱునాఁడు ప్రధానశిక్షకునకుఁ జెప్పెను. ప్రధానశిక్షకుఁడు తన పైవారికిఁ జెప్పెను. పైవారు తమలోఁ దాము ఆలోచించుకొనిరి. ఇఁకమీఁద పిల్లలను ఇచ్చటికిఁ దీసికొని రావలదని సాండస్కీకిఁ జెప్పిరి. అతని ధర్మసంస్థకును తెలిపిరి. పోలీసులకుఁ గాని శిశుసంరక్షణశాఖకుఁ గాని తెలుపలేదు. ఆ బాలుఁడెవఁడో కనుఁగొను ప్రయత్నమైనను చేయలేదు. ఒకరినుండి యొకరికి మాట మెట్లెక్కిపోయెను. ఎక్కినకొలఁది పలుచనై, తుదకు ఒక మందలింపుగా మిగిలెను. పది సంవత్సరములు గడచెను.

2011 నవంబరులో సాండస్కీని నిర్బంధించిరి. 2012 జూనులో 48 అభియోగములలో 45 రుజువయ్యెను. బాధితులైన బాలురు పదిమంది. అక్టోబరులో 30 నుండి 60 సంవత్సరముల కారాగారశిక్ష విధింపఁబడెను. విశ్వవిద్యాలయపు అధ్యక్షుఁడును, ప్రధానశిక్షకుఁడును 2011 నవంబరులోనే పదవులు కోలుపోయిరి. కేంద్ర నేరవిచారణశాఖకు పూర్వము అధిపతిగా నుండిన లూయీ ఫ్రీగారు జరిపిన విచారణ నివేదిక 2012 జూలైలో వెలువడెను. పెద్దలు మఱుఁగుపఱచుటనే అది తీవ్రముగా గర్హించెను. కళాశాలల క్రీడాసంఘము 6 కోట్ల డాలర్ల జరిమానా విధించెను. 2017లో నాఁటి అధ్యక్షుఁడును, మఱి యిద్దఱు ఉన్నతాధికారులును పిల్లల క్షేమమును అపాయమున కొప్పగించిరను నేరమునకు శిక్షితులైరి. విద్యాస్థానపు పరువు కాపాడుటకని నోరు మూసికొనఁగా, ఆ పరువే మూలమట్టముగాఁ గూలెను. అంతకన్న ముఖ్యమైనది, ఆ నడిమి సంవత్సరములలో మఱికొందఱు పిల్లలు చిక్కిరి.

ఇచ్చట ఒక ప్రశ్న వేసికొనవలెను. 2001లో విశ్వవిద్యాలయమువారు పోలీసుశాఖనుండి సాండస్కీ పూర్వచరిత్ర పత్రమును తెప్పించియుండినచో అందేమి కనఁబడియుండును? ఏమియు కనఁబడదు. అతనికి శిక్ష పడియుండలేదు గనుక పత్రము తెల్లగానే వచ్చును. పత్రము చెప్పునది వ్రాసినదానినే; వ్రాయవలసినవారు వ్రాయకుండినచో పత్రము మూఁగది. సోహమ్‌లో తెలిసినది చేరలేదు. పెన్సిల్వేనియాలో తెలిసినది వ్రాయఁబడనేలేదు.

అదే రాష్ట్రమున మఱియొక చిన్నకళాశాల కథ దీనికిఁ బ్రతిగా నిలిచియున్నది. జూనియాటా అను కళాశాలలో జీతములేని శిక్షకుఁడుగా నుండుటకు 2010లో సాండస్కీ కోరెను. అతని కీర్తిని జూచి వారు మురిసిపోలేదు, పూర్వోత్తరములు విచారించిరి. అతఁడు అంతకుముందు సేవచేసిన ఒక ఉన్నతపాఠశాలలో అతనిపై విచారణ నడుచుచున్నదని తెలియవచ్చెను. వెంటనే వలదనిరి. అప్పటికి అతఁడు శిక్షితుఁడు కాఁడు, నిర్బంధింపఁబడినవాఁడును కాఁడు. అయినను ఒక పాఠశాలలో ఎవరో ధైర్యముచేసి మాట వెలికిఁ దెచ్చిరి, ఆ మాట ఒక దస్తరమున కెక్కెను. కనుకనే అడిగినవారికి జవాబు దొరకెను. విచారణ ఫలించుటకు అడుగువాఁ డొకఁడు, అంతకు ముందే చెప్పినవాఁ డొకఁడు, ఇరువురును కావలెను.

ఈ అనుభవముమీఁద పెన్సిల్వేనియా శాసనసభ 2014లో పెక్కు చట్టములు చేసెను. పిల్లలతో పనిచేయువారు మూఁడు పత్రములు చూపవలెను: రాష్ట్రపోలీసుల నేరచరిత్ర పత్రము, పిల్లల హింసకు సంబంధించిన దస్తరములు చూచి శిశుసంక్షేమశాఖ యిచ్చు పత్రము, వేలిముద్రలు తీసి దేశమంతటి నేరదస్తరములతో సరిచూచి యిచ్చు పత్రము. జీతముగొను ఉద్యోగికే గాక స్వచ్ఛందసేవకునకును నిబంధనలు కలవు. బడిలో పాఠము చెప్పుట నేర్చుకొనఁబోవు విద్యార్థియు వీనిని చూపవలసినదే. ఉద్యోగములో నుండఁగా నిర్బంధింపఁబడినచో 72 గంటలలో వ్రాతమూలముగా యజమానికిఁ దెలుపవలెను. పత్రములను 60 నెలల కొకమాఱు క్రొత్తగా తెప్పించుకొనవలెను. నిత్యపరీక్ష యను కౌటిల్యుని మాట యిచ్చట మీకు జ్ఞప్తికి రావచ్చును.

వీనికన్న విలువైన మార్పు మఱియొకటి గలదు. పూర్వము ఉద్యోగి తన పైవానికిఁ జెప్పినచో వాని విధి తీఱినట్లే. 2014 చట్టము ఆ మెట్లదారిని మూసివేసెను. అనుమానము కలిగినవాఁడు తానే స్వయముగా ప్రభుత్వమునకుఁ దెలుపవలెను. పైవానికిఁ జెప్పుట దాని తరువాతి పని. స్నానశాలలో చూచినవాని మాట పైవారి గదిలో నశించినదిగదా! మఱల నట్లు కాకుండుటకే యీ కట్టడి.

శాసనము భయమున పుట్టినపుడు హద్దు మీఱుట సహజము. ఆ రాష్ట్రమున తరగతిలో పదునెనిమిదేండ్లు నిండని విద్యార్థి యొక్కఁడున్నను ఆచార్యుఁడు వేలిముద్రలీయవలెనా యను సందేహము పుట్టెను. అందుచే 2015లో చట్టమును సవరించిరి. కళాశాలలో చేరి చదువుకొను విద్యార్థులతోను, చేరఁగోరి చూడవచ్చినవారితోను మాత్రమే సంబంధము గల ఉద్యోగులకు మినహాయింపు నిచ్చిరి. పిల్లల పోషణము, పర్యవేక్షణము, మార్గదర్శనము, అదుపు ఎవరి పనిలో ముఖ్యభాగమో, ఎవరు మాటిమాటికి పిల్లలను కలియుదురో వారికే విచారణ నిలిచెను. ఇంగ్లండులోను ఇట్లే జరిగెను. 2006 చట్టముచే ఏర్పడిన పథకము ఒక కోటి పదిలక్షలకుఁ బైబడిన జనులను నమోదు చేయఁబూనెను. పాఠశాలలకు పోయి కథలు చదివి వినిపించు రచయితలు సైతము తాము నేరస్థులమా యని ఆక్షేపించిరి. 2010లో దానిని నిలిపివేసి, 2012 చట్టముచే పరిధిని కుదించిరి. అందఱిని అనుమానించు పద్ధతి ఎవరిని గూర్చియు నిదానముగా విచారింపఁజాలదు. పనికిఁ దగిన పరీక్ష యనుటలోని వివేక మిదియే.

ఇఁక మన దేశము మాట. లైంగికనేరములనుండి పిల్లలను కాపాడు పోక్సో చట్టము 2012 నవంబరు 14వ తేదినుండి అమలులోనికి వచ్చెను. దాని 19వ విభాగము ప్రకారము నేరము జరిగినదని యెఱిఁగినవారే కాదు, జరుగునేమో యని భయము కలిగినవారును పోలీసులకుఁ దెలుపవలెను. తెలుపనిచో 21వ విభాగముచే ఆఱు నెలల వఱకు శిక్ష గలదు. తన క్రిందివాఁడు చేసిన నేరమును సంస్థాధిపతి దాఁచినచో ఏఁడాది వఱకు శిక్షయు, జరిమానాయు గలవు. మంచిమనసుతోఁ దెలిపినవానిపై ఏ వ్యాజ్యమును నిలువదు. పగతో అబద్ధపు ఫిర్యాదు చేయు పెద్దలకు శిక్ష కలదు గాని, పొరపాటుగాఁ జెప్పిన పిల్లలకు శిక్ష లేదు.

2018 సెప్టెంబరులో లైంగికనేరములకు శిక్షపొందినవారి జాతీయ దస్తరము ఏర్పడినది. 2020లో చేసిన నియమములు పాఠశాలలు, శిశుసంరక్షణశాలలు, క్రీడాశిక్షణశాలలు మున్నగు సంస్థలన్నియు తమ ఉద్యోగులను గూర్చి పోలీసువిచారణయు పూర్వచరిత్ర పరిశీలనయు కాలానుగుణముగా జరిపింపవలెనని శాసించుచున్నవి. బోధకుఁడైనను, బంట్రోతైనను, స్థిరోద్యోగియైనను, ఒప్పందముపై వచ్చినవాఁడైనను భేదము లేదు. అయితే ఒక్క సంగతి గమనింపుఁడు. ఆ వాక్యము ఉద్యోగులను గూర్చి చెప్పినది. విశ్వవిద్యాలయమునుండి కొన్నివారములకో, కొన్నిదినములకో వచ్చిపోవు విద్యార్థిని ప్రత్యేకించి పేర్కొనలేదు. జాతీయ సేవాపథకము 1969లో మొదలైననాఁటినుండి కళాశాల విద్యార్థులు పల్లెలకు వచ్చుచునే యున్నారు. 2014 నిబంధనలప్రకారము బి.ఎడ్. రెండు సంవత్సరముల చదువై, పాఠశాలలో గడపు కాలము పూర్వముకంటె పెరిగినది. ఆ విద్యార్థులలో నూటికి తొంబదితొమ్మండ్రు సత్ప్రవర్తకులే యని ఉపాధ్యాయవృత్తిలో జీవితము గడపిన నేను నమ్ముదును. మిగిలిన యొక్కని గూర్చియే యీ ప్రసంగము.

మన పాఠశాలలును కళాశాలలును ఇచ్చు నడవడిపత్రములు మీరు చూచినవే. పేరు మార్చి, తేది మార్చి, "నడవడి తృప్తికరము" అని అందఱికి నొక్కమాటే. అది పూర్వోత్తరముల విచారణ కాఁజాలదు. కావున మీ యూరి బడికి విద్యార్థులు గాని స్వచ్ఛందసేవకులు గాని వచ్చినపుడు, పాఠశాల యాజమాన్యసంఘములోని తలిదండ్రులు ప్రధానోపాధ్యాయునితోఁ గూడి కొన్ని మాటలు మర్యాదగా నడుగవచ్చును. వీరిని పంపినదెవరు? కళాశాలాధిపతి పేరుపేరున వ్రాసిన యుత్తరము గలదా? ఇంతకుముందు ఏ యూర పనిచేసిరి, అచ్చటివారేమందురు? వీరిపై కన్నువేసి యుండు అధ్యాపకుఁడెవరు? ఎంత మంచివాఁడైనను ఒంటరిపిల్లతో మూసిన గదిలో నుండరాదను కట్టుబాటు గలదా? ఇట్లడుగుట అతిథిని అవమానించుట కాదు. మంచివానికి ఈ ప్రశ్నలవలన నష్టములేదు. పైపెచ్చు రేపు నిష్కారణమైన నింద రాకుండ అవి అతనికే కవచమగును.

అడుగుట సగము పని. రెండవ సగము చెప్పుట, అదియే కష్టమైనది. మన గ్రామములలో ఇట్టి సంగతి బయటపడినపుడు సాధారణముగా నేమి జరుగునో మీకుఁ దెలియును. పదుగురు పెద్దలు రచ్చబండకడఁ గూడుదురు. ఆడపిల్ల బ్రదుకు, ఇంటి మానము, ఊరి పరువు అని మూఁడు మాటలనుకొందురు. చేసినవానిని ఊరు విడిచి పొమ్మందురు, లేదా కొంత సొమ్ము కట్టింతురు. వాఁడు పోవును. కాని యెచ్చటికిఁ బోవును? మఱియొక యూరి బడికి, మఱియొక వసతిగృహమునకు పోవును. వాని వెంట ఏ కాగితమును పోదు. ఆ క్రొత్త యూరివారు ఎంత జాగ్రత్తగా విచారించినను వాని పత్రము తెల్లగానే వచ్చును. దానిని తెల్లగా నుంచినది మన రచ్చబండయే! పెన్సిల్వేనియా పెద్దలు చదువుకొన్నవారు, ధనికులు, అధికారులు. వారు తమ గదిలోఁ జేసినదియు, మనము రావిచెట్టుక్రిందఁ జేయునదియు ఒక్కటే.

బిడ్డ పేరు బయటఁ బెట్టవలెనని నేననుట లేదు. పత్రికలలో బిడ్డ పేరు, ఊరు, బొమ్మ వేయరాదని చట్టమే నిషేధించినది. పోలీసుకచ్చేరికిఁ బోవ జంకువారు పిల్లల సహాయమునకై యేర్పడిన 1098 నంబరునకు ఫోను చేయవచ్చును. మానము పోవునది నేరము చేసినవానికిఁ గాని దానివలన బాధపడిన బిడ్డకు కాదని మొదట మన మనసులకు మనము చెప్పుకొనవలెను. పిదప ఆ బిడ్డకుఁ జెప్పవలెను.

ప్రభుత్వములు చట్టములు చేయుచున్నవి, పత్రములు అడుగుచున్నవి. అవి కావలసినవే. కాని ఆ పత్రములలోని అక్షరములు ఎక్కడినుండియో ఊడిపడవు. చూచినవాఁడు చెప్పఁగా, విన్నవాఁడు వ్రాయఁగా అవి పుట్టును. మీ యూరిలో మీరు ఈనాఁడు చెప్పిన మాట, మీరెన్నఁడును చూడని యొక యూరిలో మీరెఱుఁగని యొక పసిబిడ్డను రేపు కాపాడును. ఆ మాటను గొంతులోనే అణఁచివేయక చెప్పవలసినచోటఁ జెప్పుఁడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.